తీగకు పన్నా ఎంత?

మన కళాశాల గ్రంథాలయానికి, కంప్యూటరు గదికి ఇంటర్నెట్ సౌకర్యం కల్పించే విషయం కమిటీ సమావేశంలో చర్చకు వచ్చినప్పుడు, వస్త్రవ్యాపారంలో తల పండిన పెద్దలొకరు నన్నొక ప్రశ్న అడిగారు. "లెక్చరర్ సాబ్! ఇప్పుడంతా గాలిలోనే నడుస్తోంది. మా మనుమడు మిద్దెమీద కూర్చొని సెల్లులో సినిమా చూస్తాడు. ఇంకా ఈ తీగలెందుకు? పైగా తీగకు ఒక హద్దుంటుందట కదా. ఇవాళ రూకలు పోసి గోడలు తొలిచి తీగ వేయిస్తే, నాలుగేళ్లకు అది పాతబడిపోదా?"

సభలో నేను చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. తెలుగు ఎం.ఏ. చదివినవానికి తీగల సంగతి ఏమి తెలుస్తుందని కొందరు నవ్వుకొని ఉండవచ్చు. వారి నవ్వులో న్యాయం లేకపోలేదు. కానీ ఆ పెద్దలు అడిగింది రెండు ప్రశ్నలు. తీగకు హద్దు ఉన్నదా అనేది ఒకటి, ఆ హద్దు మన దాకా వచ్చిందా అనేది మరొకటి. మొదటిదానికి శాస్త్రజ్ఞులు నూటడెబ్బై ఏళ్లుగా జవాబులు చెబుతూనే ఉన్నారు. చెప్పిన జవాబును మార్చుకుంటూనే ఉన్నారు. ఆ కథ తెలుసుకొన్న తరువాతనే కమిటీవారు నిర్ణయానికి రావడం మంచిదని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉర్దూలో తీగను 'తార్' అంటారు. టెలిగ్రాముకూ అదే పేరు. తెలుగులో మనం దానిని 'తంతి' అన్నాము. మా తాతగారి కాలంలో ఇంటికి 'తార్' వచ్చిందంటే, విప్పకముందే ఆడవారు ఏడుపు అందుకొనేవారట. ఆ తంతి సేవ మనదేశంలో 2013 జూలైతో ముగిసింది. తంతి పోయింది గనుక తీగ కూడా పోయిందని చాలామంది అనుకొంటున్నారు. అది పొరపాటు. పోయింది సందేశాన్ని పంపే ఒక పద్ధతి మాత్రమే.

తీగ వేగానికి హద్దు కట్టినవారిలో మొదట చెప్పదగినవాడు విలియం థామ్సన్, అనగా తరువాతి కాలపు లార్డ్ కెల్విన్. సముద్రగర్భంలో తీగ పొడవు రెట్టింపైతే సందేశం నాలుగు రెట్లు మందగిస్తుందని ఆయన 1850ల నడుమ లెక్క కట్టాడు. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి తీగ ఆ లెక్కను రుజువు చేసినట్లే కనిపించింది. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునికి పంపిన నూరు పదాలైనా లేని సందేశం చేరడానికి సుమారు పదహారు గంటలు పట్టింది. ఆ పని చూసే వైట్‌హౌస్ అనే వైద్యుడు ఎక్కువ వోల్టేజి ఇస్తే సందేశం త్వరగా పోతుందని నమ్మి, దాదాపు రెండువేల వోల్టులు ప్రయోగించాడు. మూడు వారాలకే తీగ మూగబోయింది. ఎద్దు నడవడం లేదని ముల్లుకర్రతో పొడిచి పొడిచి చంపినట్లయింది.

కానీ 1887లో ఆలివర్ హెవిసైడ్ అనే ఆంగ్లేయుడు అసలు దోషం వేరొకచోట ఉన్నదన్నాడు. కళాశాల మెట్లెక్కనివాడు, చెవి సరిగా వినిపించనివాడు, ఎవరితోనూ పొసగనివాడు. తీగకు ఇండక్టెన్సు అనే గుణాన్ని తగినంత చేర్చితే సంకేతం చెదరకుండా దూరం పోతుందని ఆయన గణితం చెప్పింది. తంతి శాఖ పెద్దలు ఆ మాటను తోసిపుచ్చారు. 1900 ప్రాంతంలో అమెరికాలో మైకేల్ పుపిన్ ప్రభృతులు టెలిఫోను తీగల వెంట సుమారు 1,800 మీటర్లకు ఒకటి చొప్పున తీగచుట్టలను బిగించే పద్ధతిని రూపొందించారు. దానితో మనిషి గొంతు ఎన్నో రెట్ల దూరం స్పష్టంగా వినిపించింది. థామ్సన్ లెక్క తప్పలేదు. ఆయన లెక్కించిన తీగ వేరు, వీరు తయారుచేసిన తీగ వేరు.

ఈ చుట్టలను పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. వీటితో మళ్లీ పని ఉంది.

1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా ఇంజనీరు ఏ మార్గంలోనైనా ఎంత సమాచారం తప్పులేకుండా పంపవచ్చునో తెలిపే సూత్రాన్ని ప్రకటించాడు. విద్యార్థులు దానిని గణితంలో చదువుకొంటారు. కానీ మన పామిడివారికి దానిని చెప్పడానికి గణితం అక్కరలేదు. బట్టల అంగడిలో పన్నా అంటే ఏమిటో తెలియని పిల్లవాడు మన ఊరిలో ఉండడు. తానుకు పన్నా ఎలాగో, తీగకు బ్యాండ్‌విడ్త్ అలాగు. పన్నా ఎక్కువైతే ఒకే పొడవులో ఎక్కువ ఉడుపులు తెగుతాయి. అయితే పన్నా ఒక్కటే చాలదు. కత్తెర పదును, గుడ్డ నాణ్యం కూడా ఉండాలి. తీగలో కత్తెర పదునుకు అడ్డొచ్చేది రొద. మాటకన్న రొద ఎంత తక్కువగా ఉంటే అంత సన్నగా కత్తిరించవచ్చు. పన్నా ఇంత, రొద ఇంత అని తేలితే, ఎంతటి దర్జీకైనా ఇంతకుమించి తీయడం సాధ్యం కాదని చెప్పేదే షానన్ సూత్రం. ఇది నిజమైన హద్దు. దీనిని ఎవరూ దాటలేదు, దాటలేరు.

టెలిఫోను తీగలో గొంతుకు కేటాయించిన పన్నా మూడువేల హెర్ట్జుల పైచిలుకు. మాట రొదకన్న వెయ్యిరెట్లు బలంగా ఉన్నదనుకొంటే సెకనుకు సుమారు ముప్పైవేల బిట్లు దాని హద్దు. మోడెము అనే పెట్టెతో కంప్యూటర్లను టెలిఫోనుకు తగిలించిన కాలంలో మొదట సెకనుకు 300 బిట్లు పోయేవి. తరువాత 1,200, 2,400, 9,600, చివరకు 33,600. షానన్ గీసిన గీత దగ్గరికి వచ్చి మోడెము ఆగింది. ఇక రాగితీగ పని అయిపోయిందని తీర్పులు వెలువడ్డాయి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మనదేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు ఇచ్చినప్పుడు మన అదృష్టం కూడా ఈ మోడెము వేగమే. 1998లో 56,000 బిట్ల ప్రమాణం వచ్చింది. ఎక్స్ఛేంజీలు డిజిటల్ అయినందువల్ల ఒకవైపు రొద తగ్గిందన్న వాస్తవాన్ని దానిలో వాడుకొన్నారు.

అసలు విశేషం ఆ తరువాతిది. ఆ మూడువేల హెర్ట్జుల పన్నా తీగది కాదు! అది ఎక్స్ఛేంజీలోని యంత్రాలది. మనిషి మాటకు అంత చాలునని మొదటివారు తెంపిన కొలత అది. రాగితీగ అసలు పన్నా దానికి వందలరెట్లు పైనే ఉన్నది. ఇన్నేళ్లూ మనవారు తానును మడతపెట్టి పైమడతనుండే ఉడుపులు తీస్తూ, గుడ్డ చాలడం లేదని వాపోయారన్నమాట. మడత విప్పిన పద్ధతికి డీఎస్ఎల్ అని పేరు. అదే ఇంటికి వచ్చే అదే టెలిఫోను తీగమీద సెకనుకు ఎనభై లక్షల బిట్లు, తరువాత రెండుకోట్ల నలభై లక్షలు, దూరం కొద్దిపాటిదైతే పదికోట్లు కూడా నడిచాయి. మన బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు చాలాకాలం ఆ తీగమీదనే నడిచింది.

ఇక ఆ చుట్టల మాట. ఒకనాడు టెలిఫోను దూరపు హద్దును చెరిపిన ఆ తీగచుట్టలే అమెరికావంటి దేశాలలో డీఎస్ఎల్‌కు అడ్డుగోడలయ్యాయి. గొంతును చక్కగా మోసేటందుకు బిగించిన ఆ చుట్టలు గొంతుకు మించిన పన్నానంతటినీ అణచివేస్తాయి. పెద్ద తరం ప్రేమతో బిగించిన చుట్టలను చిన్న తరంవారు స్తంభం స్తంభం వెదకి ఊడదీయవలసి వచ్చింది. ఇలాంటివి తీగలకే పరిమితమా అని ఒక్కొక్కప్పుడు నాకు అనుమానం కలుగుతుంది గాని, ఆ చర్చ ఇక్కడ వద్దు.

ఇంటి లోపలి తీగ కథ కూడా ఇంచుమించు ఇదే. ఒక భవనంలోని కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ పద్ధతిని 1973లో కాలిఫోర్నియాలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ రూపొందించారు. అందరికీ ఒకే తీగ. ఎవరు మాట్లాడదలచినా ముందు చెవి ఒగ్గి వినాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాటలు ఢీకొంటాయి. ఇద్దరూ ఆగి, కొంతసేపటికి మళ్లీ మొదలుపెట్టాలి. ఢీకొన్న సంగతి మాట ముగియకముందే మాట్లాడినవానికి తెలియాలి. వేగం పెరిగితే మాట త్వరగా ముగుస్తుంది. కాబట్టి తీగ పొట్టిదైపోవాలి. సెకనుకు కోటి బిట్ల వేగంలో రెండున్నర కిలోమీటర్ల దాకా విస్తరించిన వలయం, 1995లో పదికోట్ల వేగం వచ్చేసరికి సుమారు రెండువందల మీటర్లకు కుంచించుకుపోయింది. ఇంకో పదిరెట్లు పెరిగితే ఇరవై మీటర్లు. ఒక తరగతి గదికి కూడా చాలదు! ఇది భౌతికశాస్త్రం పెట్టిన హద్దు, దీనికి తిరుగులేదని అనుకొన్నారు.

తిరుగు దొరికింది. అందరికీ ఒకే తీగ ఎందుకుండాలి? నడుమ స్విచ్చి అనే పెట్టెనుంచి ఒక్కొక్కరికి ఒక్కొక్క తీగ ఇచ్చి, రాకకు ఒక దారి, పోకకు ఒక దారి ఏర్పాటు చేస్తే ఢీకొనే ప్రసక్తే లేదు. ఢీ లేనప్పుడు ఆ హద్దూ లేదు. 1999లో రాగితీగమీద వందకోట్ల బిట్ల ప్రమాణం, 2006లో వెయ్యికోట్ల ప్రమాణం వెలువడ్డాయి. మన కమిటీకి వీటన్నిటికన్న ముఖ్యమైన వార్త 2016 నాటిది. వందకోట్ల వేగంకోసం గోడలలో ఇమిడ్చిన 'క్యాట్ 5ఈ' రకపు పాత తీగలమీదనే, నూరు మీటర్ల దూరం వరకు, రెండువందల ఏబై కోట్ల బిట్లు నడిపే ప్రమాణం ఆ ఏట ఆమోదం పొందింది. గోడ తొలచలేదు, తీగ మార్చలేదు. రెండు కొనల పెట్టెలు మార్చారు, అంతే.

మెట్‌కాఫ్ మహాశయుని గురించి ఒక ముచ్చట చెప్పక తప్పదు. 1996లో ఇంటర్నెట్టు బరువు మోయలేక కూలిపోతుందని ఆయన 1995 చివర ఒక పత్రికలో రాశాడు. కూలకపోతే తన రాతను తానే తింటానన్నాడు. కూలలేదు. 1997లో ఒక సభలో ఆ పత్రిక కాగితాన్ని నీళ్లలో వేసి మిక్సీలో రుబ్బి అందరి ఎదుట తాగాడు. ఈథర్‌నెట్‌ను పుట్టించినవాడే తీగ భవిష్యత్తును తప్పుగా అంచనా వేశాడంటే మనబోటివారి మాట చెప్పాలా? మాట తప్పానని ఒప్పుకొనే ఆ మర్యాద మాత్రం మెచ్చదగినది. మన ప్రాంతంలో జోస్యం తప్పినవారు జోస్యాన్నే మార్చి చెబుతారు!

రాగికి హద్దులు లేవని నేను అనడం లేదు. వేగం పెరిగేకొద్దీ రాగిలో సంకేతం త్వరగా అరిగిపోతుంది. ఆ అరుగుదలను సరిచేసే పెట్టెలు వేడెక్కుతాయి. కరెంటు తింటాయి. ఈథర్‌నెట్‌లో ఇరవైఐదు వందల కోట్ల బిట్ల వేగానికి రాగితీగ ముప్పై మీటర్లకు మించి పనికిరాదు. కావున గది లోపల రాగి, గది దాటితే గాజు అన్నది నేటి లోకమర్యాద.

గాజు అంటే ఆప్టికల్ ఫైబరు. వెంట్రుకవంటి గాజుపోగులో వెలుతురు పరుగెత్తుతుంది. ఈ విద్యకు తొలి మెట్లు వేసినవారిలో పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. 1960లలో గాజు ఎంత మలినంగా ఉండేదంటే, కొద్ది మీటర్లలోనే వెలుతురు ఆరిపోయేది. ఇది వైద్యులు కడుపులోకి చూడడానికి పనికివస్తుందిగాని వార్తలు మోయదని అనేకుల అభిప్రాయం. 1966లో చార్లెస్ కావ్, హాకమ్ అనే ఇద్దరు, దోషం గాజుది కాదు, గాజులోని మాలిన్యానిదని ప్రకటించారు. ఒక కిలోమీటరు నడిచేసరికి నూటికి ఒక పాలు వెలుతురు మిగిలినా చాలు, వార్తలకు పనికివస్తుందన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థవారు అంతకన్న మేలైన పోగు తీశారు. నేటి పోగులో అదే నూటికి ఒక పాలు మిగలడానికి వెలుతురు వంద కిలోమీటర్లు నడవాలి. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

గాజుకు హద్దు లేదా? ఉన్నది. రొదను జయించాలని వెలుతురు బలం పెంచితే, ఆ వెలుతురే గాజు గుణాన్ని మార్చి తన్ను తానే చెదరగొట్టుకొంటుంది. 2001లో పార్థ మిత్రా, స్టార్క్ అనే ఇద్దరు ఈ హద్దును లెక్కించి చూపారు. గాజుపోగు నిండిపోతుందనే భయం పది పదిహేనేళ్ల క్రితం శాస్త్రసభలలో బలంగా వినిపించింది. అయినా 2024లో జపాను దేశపు పరిశోధకులు, లోకమంతటా వాడుకలో ఉన్న మామూలు పోగు రకంలోనే, ఏబై కిలోమీటర్ల దూరం, సెకనుకు 402 లక్షల కోట్ల బిట్లు పంపారు. ఇది కూడా మడత విప్పిన కథే. అంతవరకు ఉపయోగించని రంగుల వెలుతురును కూడా వాడుకొన్నారు. ఒకే పోగులో అనేక గర్భాలుండే కొత్తరకాలు వేరుగా తయారవుతున్నాయి.

దాటరాని హద్దు ఒకటి ఉన్నది. గాజులో వెలుతురు సెకనుకు రెండులక్షల కిలోమీటర్లే పోతుంది. తీగలో సమాచారం ఎంత పట్టినా, మొదటి అక్షరం ఇంతకన్న ముందు చేరదు. పామిడినుండి హైదరాబాదు దాదాపు 330 కిలోమీటర్లు. అనగా సెకనును ఆరువందల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. ఈ ఆలస్యంవల్ల మన విద్యార్థి ఎవరూ నష్టపోలేదని ధైర్యంగా చెప్పగలను.

మరి నష్టపోయింది దేనివల్ల? ఇక్కడ నేను లోకం తిరగడం మాని మన ఊరికి రావాలి.

2011లో కేంద్రప్రభుత్వం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు గాజుతీగ వేసే పథకాన్ని ఆమోదించింది. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు. ఆంధ్రప్రదేశ్ ఇంకొక దారి ఎంచుకొన్నది. నేల తవ్వి తీగ పాతిపెట్టడానికి డబ్బు, కాలం ఎక్కువ కావాలి గనుక, ఉన్న కరెంటు స్తంభాలమీదనే సుమారు ఇరవైనాలుగు వేల కిలోమీటర్ల గాజుతీగ లాగి ఫైబర్‌నెట్ ఏర్పాటుచేసింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, సెకనుకు కోటిన్నర బిట్ల ఇంటర్నెట్టు ఇస్తామని అప్పటి ప్రకటన. తక్కువ ఖర్చుతో త్వరగా జరిగిన పని అది. దానిని నేను తక్కువ చేయను. కానీ స్తంభంమీది తీగకు గాలివాన శత్రువు, లారీ శత్రువు, చెట్టుకొమ్మ శత్రువు. భూమిలోని తీగకు రోడ్డు వెడల్పు చేసే యంత్రం శత్రువు. ఈ శత్రువుల పేరు షానన్ సూత్రంలో ఎక్కడా లేదు.

రెండవది పంపకం. మన ఇళ్లకు వచ్చే గాజుతీగ పద్ధతిలో ఒక పోగు వెలుతురును ముప్పైరెండు, అరవైనాలుగు ఇళ్లకు చీల్చి ఇస్తారు. అందరికీ కలిపి సెకనుకు సుమారు రెండువందల ఏబై కోట్ల బిట్లు. అది చాలా ఎక్కువే. కానీ ఆ చీలికకు వెనుకనుండి వచ్చే పెద్ద కాలువలో నీరుండాలి కదా! తుంగభద్ర ఎగువ కాలువ సంగతి ఈ జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. కాగితంమీద కేటాయింపు ఒకటి, మధ్యపెన్న జలాశయానికి చేరేది ఒకటి, చివరి ఆయకట్టు రైతు కంటికి కనిపించేది మరొకటి. కాలువ వెడల్పు చాలలేదని ఏ రైతూ అనడు. పైనుంచి వదిలినది కిందికి రావడం లేదంటాడు. ఇంటర్నెట్టులోనూ మనం చివరి ఆయకట్టు రైతులమే. అమ్మేవారు 'ఇంతవరకు' అనే మాట వేసి వేగం చెబుతారు. ఆ 'వరకు' అన్న మూడక్షరాలలోనే మన కష్టమంతా దాగి ఉన్నది.

నిరుడు ఉపకార వేతనాల దరఖాస్తులకు చివరి రోజున జరిగిన సంగతి విద్యార్థులెవరూ మరచి ఉండరు. మధ్యాహ్నం తీగ తెగింది. ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెప్పారు. అందరూ సెల్లుఫోన్లు తీశారు. రెండువందలమంది ఒకేచోట ఒకే టవరును పట్టుకొంటే ఏమవుతుందో ఆనాడు కళ్లారా చూశాము. సర్టిఫికెట్ల బొమ్మలు సగం వరకు ఎక్కి నిలిచిపోయేవి. చివరకు ఇద్దరమ్మాయిలను, ఒక అబ్బాయిని వెంటబెట్టుకొని నేను అనంతపురం బస్సెక్కాను. రాత్రి పదకొండు దాటిన తరువాత ఒక అంగడిలో పని ముగిసింది. ఆ అమ్మాయిల తండ్రులు బస్టాండులో కాచుకొని ఉన్నారు. మిగిలినవారిలో కొందరి దరఖాస్తులు పోనేలేదు. వారిలో ఒక విద్యార్థి ఈ సంవత్సరం మన హాజరుపట్టీలో లేడు. కారణం అదొక్కటే అని నేను అనను. అది కూడా ఒకటి.

గాలిలో వచ్చేదానిని నమ్ముకొందామనే పెద్దలకు దీనివల్ల నా మనవి స్పష్టమై ఉంటుంది. 2022 అక్టోబరులో మనదేశంలో అయిదవ తరం సెల్లు సేవ మొదలైంది. మంచిదే. కానీ ఆ టవరుకు వేగం ఎక్కడిది? దాని కాళ్లదగ్గరికి వచ్చే గాజుతీగది. గాలి పన్నా ఊరందరికీ ఉమ్మడి. దానిని పెంచాలంటే ప్రభుత్వం వేలం వేయాలి. తీగ పన్నా దానిని వేయించినవారిది. ఇంకొక పోగు వేస్తే ఇంకొక పన్నా.

మన కళాశాలకు ఈ విషయం ఇతరులకన్న ఎక్కువ అవసరమనడానికి మరొక కారణం ఉన్నది. కంప్యూటరులో నేడు వాడే యూనికోడు పద్ధతిలో మామూలుగా ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. ఉర్దూ అక్షరం రెండు. తెలుగు అక్షరం మూడు. 'స్త్రీ' అనే మన ఒక్క అక్షరం, అందులోని వత్తులు, గుడి విడదీస్తే ఆరు సంకేతాలై పద్దెనిమిది బైట్లు పడుతుంది. అక్షరాలకు ఇది పెద్ద భారమేమీ కాదు, సరదాకు చెప్పాను. ఉర్దూవారు పడిన బాధ మాత్రం సరదా కాదు. నస్తాలీఖ్ లిపిని తెరమీద అందంగా చూపే అక్షరాలు సులభంగా దొరకని రోజులలో ఉర్దూ పత్రికలు, పుస్తకాలు పుట పుటనూ బొమ్మగా మార్చి ఇంటర్నెట్టులో పెట్టేవి. ఇంగ్లీషు చదువరికి రెప్పపాటులో తెరుచుకొనే వ్యాసం, ఉర్దూ చదువరికి మోడెముమీద నిమిషాలు తీసుకొనేది. ఒకే తీగ, ఒకే వేగం, ఒకే చందా. భాషను బట్టి వేచి ఉండడం వేరు! నేటికీ ఉర్దూ, తెలుగు పాత పుస్తకాలు, పత్రికలు ఎక్కువగా బొమ్మల రూపంలోనే లభ్యమవుతున్నాయి. నా విద్యార్థి ఒకడు పాత తెలుగు పత్రిక సంపుటి ఒకటి దించుకోవాలంటే అది వందల మెగాబైట్లు. వాని సెల్లులో ఆ రోజు వాటా అయిపోతుంది. వేగవంతమైన తీగ సినిమాలకోసమని పెద్దలు అనుకొంటున్నారు. మా గ్రంథాలయానికి అది పుస్తకాల బండి.

కనుక కమిటీవారికి నా అభిప్రాయం ఇది. ఏ సంస్థ సేవ తీసుకోవాలన్నది వారిష్టం. సంస్థలు వస్తాయి, పోతాయి. తీగ దారి మాత్రం మనదిగా ఉండాలి. గదులలో ఇప్పుడు వేసే రాగితీగ 'క్యాట్ 6ఏ' రకం వేయించాలి. నూరు మీటర్ల దాకా వెయ్యికోట్ల బిట్లు మోసే శక్తి దానికున్నది. నేడు దానికి తగిలించే పెట్టె చిన్నదైనా ఫరవాలేదు. పెట్టెను మార్చడం ఒక పూట పని, గోడను మళ్లీ తొలవడం ఒక వేసవి సెలవుల పని. గేటునుండి గ్రంథాలయం వరకు గాజుతీగకోసం నేల తవ్వేటప్పుడు ఒక పైపుకు బదులు రెండు వేయించాలి. రెండవది ఖాళీగా ఉంచాలి. తవ్వినందుకే ఖర్చుగాని పైపుకు కాదు. తెగిన తీగను ఎన్ని గంటలలో అతుకుతారు, అతకకపోతే చందాలో ఎంత తగ్గిస్తారు అన్న షరతును ఒప్పందంలో రాయించాలి. వేగం అంకెలకన్న ఈ అంకెలమీద బేరమాడడం మంచిది. బేరమాడే విద్యలో మన కమిటీ పెద్దలకు నేను పాఠం చెప్పవలసిన పని లేదు.

రెండు వేరువేరు మార్గాలనుండి రెండు తీగలు తెప్పించుకోవడం ఇంకా మేలు. ఒకటి స్తంభంమీదనుండి వస్తే ఇంకొకటి నేలలోనుండి రావాలి. ఖర్చు ఎక్కువని అభ్యంతరం రావచ్చు. అప్పుడు చిన్నదైన రెండవ తీగనైనా దరఖాస్తుల నెలలకు తీసుకోవచ్చు.

ఒక చిన్న సంగతి మేస్త్రీకి ముందే చెప్పి ఉంచడం అవసరం. గాజుపోగును మూలల దగ్గర నీళ్ల గొట్టంలాగా లంబకోణంలో విరచి తిప్పరాదు. వంపు బిగిస్తే వెలుతురు గోడలోనే బయటికి కారిపోతుంది. గ్రంథాలయం ఈశాన్యపు మూలలో పైపు తిరగవలసిన చోట నీళ్లతొట్టి అడ్డుగా ఉన్నది. తొట్టిని ఒక గజం జరిపితే వంపు మెల్లగా వస్తుంది.